సగం గీసిన దారి

మా ఆయన పేరు పండరి. ప్లాన్ లేకుండా ఆయనకు పొద్దు పొడవదు. మేడారం జాతరకు పోవాలన్నా, ఇంటికి సున్నం వేయించాలన్నా, ఆఖరికి హసన్‌పర్తిలో ఉన్న మా చెల్లెలింటికి భోజనానికి పోవాలన్నా ముందు ఒక గళ్ళ కాగితం బయటికి వస్తుంది. మేం వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ళం. పువ్వు ఎక్కడ రావాలో, నెమలి మెడ ఎన్ని పోగుల మీద వంగాలో గళ్ళ కాగితం మీద రంగు పెన్సిళ్ళతో గీసి, దాన్ని మగ్గానికి ఎదురుగా వేలాడదీసుకుని నేస్తారు. మా ఆయన లోకాన్ని కూడా అట్లాగే గీసుకుంటాడు. పెళ్ళైన కొత్తలో నన్ను మొదటిసారి భద్రకాళి గుడికి తీసుకుపోతూ, ఎక్కడ రిక్షా దిగాలో ఎక్కడ మల్లెపూలు కొనాలో కాగితం మీద గీసి జేబులో పెట్టుకున్నాడు. నేను నవ్వితే మూడు రోజులు అలిగాడు.

మగ్గానికి నూలు కండెలు చుట్టడం, నలుగురికి వండిపెట్టడం, ఆయన ప్లాన్లకు వంకలు పెట్టడం, ఈ మూడింట్లో నాకు వాడకట్టులో మంచి పేరే ఉంది. అందుకే ఈ అడవి ప్లాన్ సంగతి నేనే చెప్పాలి. ఆయన్ని చెప్పమంటే తన తప్పు దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకుని వేరే ముచ్చట ఎత్తుకుంటాడు.

ముందు సమ్మయ్య ఎవరో చెప్తాను. పెద్ద జంపఖానాకు ఒక్క మనిషి చాలడు. పొడుగాటి పీట మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని, కుడి సగం ఒకరు, ఎడమ సగం ఒకరు నేయాలి. ఇరవై ఆరేళ్ళుగా కుడివైపు మా ఆయన, ఎడమవైపు సమ్మయ్య. ఒకరినొకరు బావా, బామ్మర్దీ అని పిలుచుకుంటారు గాని రక్తసంబంధమేమీ లేదు. పీట కలిపిన చుట్టరికం.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. డిజైను ఎప్పుడూ సగమే గీస్తారు. రెండో సగం మొదటిదాన్ని తిరగేసిందే కాబట్టి అది కూడా గీయడం కాగితం దండగ అంటారు. కుడివైపు కూర్చున్నవాడు కాగితం చూసి ఉన్నదున్నట్టు నేస్తాడు. ఎడమవైపు వాడు మాత్రం దాన్ని మనసులో తిప్పుకోవాలి. కుడికి ఉన్నది ఎడమకు రావాలి, ఎడమకు ఉన్నది కుడికి పోవాలి. చెప్పినంత సులువు కాదు, ఒకసారి నేను కూర్చుని చూశాను, పావుగంటకే తల తిరిగింది. సమ్మయ్య మాత్రం పొద్దున పీట మీద కూర్చుంటూ కాగితం వంక ఒక్కసారి చూసేవాడు. మళ్ళీ తలెత్తేవాడు కాదు. సాయంత్రానికి రెండు సగాలు అద్దంలో చూసుకున్నట్టు ఉండేవి. మా ఆయనకు కాగితం లేకపోతే చెయ్యాడదు. సమ్మయ్యకు కాగితం ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. కొత్తవాడలో ఉల్టా సగం అంటే సమ్మయ్య పేరే చెప్పేవాళ్ళు.

ఈ ఏడు మాఘమాసంలో ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ సమ్మయ్య పడిపోయాడు. పక్షవాతం. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. పదహారు రోజులు దవాఖానలో ఉన్నాడు. ఆయన భార్య సుగుణ, నేను వంతులవారీగా కాపలా ఉన్నాం. ఎండాకాలం వచ్చేసరికి దేవుడి దయవల్ల మాట తిరిగొచ్చింది, చెయ్యి చాలావరకు వచ్చింది, కాలు ఈడ్చుకుంటూ నడక వచ్చింది. మే నెలలో ఒకరోజు తనంతట తనే వచ్చి పీట మీద కూర్చున్నాడు. నేను పక్కనే కండెలు చుడుతున్నాను. చాలా చిన్న డిజైను, మూడు రంగుల వజ్రం. నాలుగు వరసలు వేసేసరికి ఆయన సగంలో వజ్రం మా ఆయన సగంలాగే కుడికి వంగింది. విప్పాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ కుడికే వంగింది. పోగులను దగ్గరికి కొట్టే ఇనుప పంజాను పీట మీద పెట్టి లేచాడు.

"చెయ్యి వచ్చింది బావా, కాలు వచ్చింది. తలకాయలున్నదే పోయింది. ఇగ నన్ను పిలువకు," అన్నాడు.

ఆ రోజు నుంచి గడప దాటలేదు. కాలు ఈడుస్తుంటే వాడకట్టంతా చూస్తుందని సిగ్గు ఒకటి, తన తల తనకు పనికిరాకుండా పోయిందన్న దిగులు ఒకటి. డాక్టరు రోజూ నడవమన్నాడు. ఆయన నట్టింట్లో నాలుగడుగులు వేసి, నడిచాను కదా అనేవాడు. మా ఆయనేమో ఎడమ పీట ఖాళీగా ఉంచి, ఒక్కడే నేయగలిగిన, పూజకు కూర్చునే చిన్న చిన్న ఆసనాలు నేసుకుంటూ కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండేది. స్నేహం గొప్పదే, కాదనను. కానీ పెద్ద మగ్గం పెట్టుకుని ఆసనాలు నేయడమంటే ఏనుగును కట్టుకుని మేక పాలు పిండినట్టే. జూన్‌లో నేనే ఒక మనిషిని చూశాను. నర్సయ్య అని, ఎడమ పీట మీద కూర్చోగలిగిన పనివాడు.

"ఎన్నొద్దులు ఖాళీ పీటకు కావలుంటవ్?" అని అడిగాను.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం తింటూ, "సమ్మయ్య వస్తడు. నేను ప్లాన్ జేస్తాన," అన్నాడు. నేను ఊరుకున్నట్టే ఊరుకుని, నర్సయ్యకు మాత్రం దసరా దాకా ఎక్కడా కుదురుకోవద్దని చాటుగా చెప్పి ఉంచాను. ఆ సంగతి ఇన్నాళ్ళకు ఇక్కడే బయటపెడుతున్నాను.

ప్లాన్ ఏమిటంటే జలపాతం. ఇరవై ఏళ్ళ కింద వీళ్ళిద్దరూ ఒక హోటలు కోసం జలపాతం బొమ్మ నేశారు. కాగితం మీద నీళ్ళు పైనుంచి కిందికి తాడు జారవిడిచినట్టు నిలువుగా ఉన్నాయి. నీళ్ళు నిజంగా అట్లా పడతాయా అని సమ్మయ్యకు అప్పుడే అనుమానం. ఒకసారి పోయి చూద్దాం బావా అని నెలకోసారి అనేవాడు. మగ్గం ముందు కూర్చున్నవాడికి అడవి ఎక్కడ కుదురుతుంది? అట్లా అనుకుంటూనే ఇరవై ఏళ్ళు గడిచాయి. నర్సంపేట దాటాక అడవిలో మద్దిగుండం అని ఒక జలపాతం ఉందని, వానలు వెనకబట్టాక దసరా తర్వాత చూడ్డానికి బాగుంటుందని మా ఆయన ఎవరినో అడిగి తెలుసుకున్నాడు. అటవీశాఖ గేటు దగ్గర కాపలా ఉండే కట్టయ్య ఫోన్ నంబరు సంపాదించాడు. దారి మూడు కిలోమీటర్లని, మరీ కష్టం కాదని, మరీ సులువు కూడా కాదని కట్టయ్య చెప్పాడు. మా ఆయనకు కావలసింది సరిగ్గా అదే. అంత దూరం తన కాళ్ళ మీద నడిచి ఆ నీళ్ళ ముందు నిలబడితే, సమ్మయ్యకు తన మీద తనకు నమ్మకం వస్తుందని ఆయన లెక్క.

నట్టిల్లు దాటనివాణ్ణి అడవికి ఎట్లా నడిపించాలి? ఇక్కడ మాత్రం మా ఆయన తెలివిని మెచ్చుకోవాలి. ఈ రోజుల్లో పడుగులన్నీ, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులన్నీ, మిషన్ల మీదే పోస్తారు. మా చిన్నతనంలో వీధి ఈ చివర ఒక గుంజ, ఆ చివర ఒక గుంజ పాతి, నూలు పట్టుకుని పోయి వస్తూ చేత్తోనే పడుగు పోసేవాళ్ళు. జూలైలో ఒక పొద్దున మా ఆయన మా సందులో రెండు గుంజలు పాతాడు. మిషన్ ఖరాబైందని, ఒక పాత పద్ధతి ఆర్డరుకు చేతి పడుగు కావాలని, తన మోకాళ్ళు నొస్తున్నాయని సమ్మయ్య ఇంటికి పోయి మూడు అబద్ధాలు వరసగా ఆడాడు. పడుగు వెంట నడిచేవాడు ఎవడైనా మెల్లగానే నడుస్తాడు, పోగు తెగకూడదు కదా. కాలు ఈడుస్తున్నాడని ఎవరి కన్నూ పడదు. పనికి నడవడానికి మనిషికి సిగ్గుండదు. సమ్మయ్య వచ్చాడు.

గుంజ నుంచి గుంజకు ఇరవై ఐదు మీటర్లు. పోయి వస్తే యాభై. మొదటి రోజు పది సార్లు తిరిగి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆగస్టులో పాతిక. దసరా వచ్చేసరికి అరవై. అరవై అంటే మూడు కిలోమీటర్లు. ఆ పడుగు ఏ ఆర్డరుకూ కాదు. సమ్మయ్య ఇంటికి పోగానే మేమిద్దరం కూర్చుని ఆ నూలంతా విప్పి ఉండలు చుట్టేవాళ్ళం. మర్నాడు మళ్ళీ అదే నూలు. మూడు నెలలు ఆ దండగ చాకిరీ చేశాను, చేస్తూ మా ఆయన్ని తిట్టని రోజు లేదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం మా ఆయన ఒక్కడే పోయి దారి చూసి వచ్చాడు. గేటు నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ జలపాతం దాకా ఎక్కి, గళ్ళ కాగితం మీద గీసుకున్నాడు. ఒక్కో గడి వంద అడుగులు. నీడకు ఆకుపచ్చ, ఎత్తుకు ఎరుపు, నీళ్ళకు నీలం. ఆరు చోట్ల చిన్న పీట బొమ్మ వేశాడు, అక్కడ కూర్చోవాలని. మొదట జంట మద్దిచెట్లు, తర్వాత ఎడమ పక్కన చీమల పుట్ట, రాళ్ళ మీదుగా దాటే వాగు, వెదురు పొదలు, కూలిన పెద్ద మాను, చివర బండ మెట్లు, ఆపైన జలపాతం. దిగేటప్పుడు పశువుల కాపరులు కలిస్తే వాళ్ళతో ముచ్చట్లు పెట్టుకుంటూ దిగొచ్చాడట. మా ఆయన నోరు ఆడుతుంటే కళ్ళు పనిచేయవు.

ఆ కాగితం మీద నేను పెట్టని వంక లేదు. సమ్మయ్య చెప్పులకు వెనక పట్టీ ఉండాలన్నాను. బీపీ గోళీలు ఆయన జేబులోనూ నా సంచిలోనూ రెండు చోట్లా ఉండాలన్నాను. ఏడున్నర బస్సు కాదు, ఆరింటి బస్సు అన్నాను. మగ్గం తాడు ఒకటి, వెదురు కర్రలు రెండు, ఉప్పు చక్కెర కలిపిన నీళ్ళు, సర్వపిండి, ఉడకబెట్టిన గుడ్లు, అన్నీ చెప్పి రాయించాను. ఇన్ని వంకలు పెట్టినదాన్ని అసలు వంకను చూడలేదు. ఎందుకంటే నేనూ మగ్గం ఇంటి ఆడదాన్నే. సగం గీసి ఉంటే మిగతా సగం ఉన్నట్టే అనుకునే కళ్ళు నావి కూడా.

సమ్మయ్య మొదట రానన్నాడు. సుగుణ బతిమాలింది. మా ఆయన కాగితం ఆయన ముందు పరిచాడు. సమ్మయ్య ఒక్కసారి చూసి, "మంచిగనే గీసినవ్," అని తిరిగి ఇచ్చేశాడు. అదే ఒప్పుకోవడం అని మా ఆయన తేల్చేశాడు.

ఇంతలో దసరా వెళ్ళింది. నేతగాళ్ళ సంఘం నుంచి పెద్ద జంపఖానా ఆర్డరు వచ్చింది. ఎడమ పీట మీద ఎవరు కూర్చుంటారో సోమవారం పొద్దున పేరు రాయించాలి. మేం అడవికి పోయేది ముందురోజు, ఆదివారం. సోమవారం నర్సయ్య పేరే రాయించాల్సి వస్తుందని నా మనసులో ఉంది. అది బయటికి అనలేదు గాని, సర్వపిండి తడుతున్నంతసేపూ అదే ఆలోచన.

ఆరింటి బస్సెక్కి నర్సంపేటలో దిగి, ఇడ్లీ తిని, ఆటో మాట్లాడుకుని తొమ్మిదింటికి గేటు దగ్గర ఉన్నాం. మేం నలుగురమే, మేమిద్దరం, వాళ్ళిద్దరు. కట్టయ్య మా పేర్లు రాసుకుని, ఐదింటికల్లా తిరిగి గేటు దగ్గరికి రావాలని, లోపల ఫోన్లు పనిచేయవని చెప్పాడు. సమ్మయ్య నడక చూసి మా ఆయన ముఖం చూశాడు. మా ఆయన జేబులోంచి కాగితం తీసి చూపించాడు, దాన్ని చూస్తే పెద్దపులి కూడా పక్కకు తప్పుకుంటుందన్నట్టు.

మగ్గం మీద ఒక నియమం ఉంది. ఇద్దరిలో నిదానంగా నేసేవాడి చెయ్యే లెక్క, రెండోవాడు దానికి తగ్గి నేయాలి. అందుకని సమ్మయ్యనే ముందు పెట్టి, మేం వెనక నడిచాం. ఎవరికోసమూ ఎవరూ ఆగినట్టు లేదు. జంట మద్దుల కింద ఒకసారి, పుట్ట దగ్గర ఒకసారి, గీసిన ప్రతిచోటా కూర్చుని లేచాం. వాగులో నీళ్ళు మోకాలి కిందికే ఉన్నాయి. సుగుణ ఆయన చెయ్యి పట్టుకోబోతే విదిలించి తనే దాటాడు. బండ మెట్ల దగ్గర మాత్రం పైనుంచి మా ఆయన తాడు అందించాడు. పన్నెండున్నరకు నీళ్ళ ముందు నిలబడ్డాం.

నేను ఆ నీళ్ళ గురించి ఎక్కువ చెప్పలేను. మూడు నిలువుల ఎత్తు ఉంటుంది, చుట్టూ చల్లగా ఉంది, తుంపర ముఖాన పడుతుంటే ఒళ్ళు నొప్పులు మరిచిపోయాం. సమ్మయ్య కర్ర మీద రెండు చేతులు ఆనించి చాలాసేపు చూశాడు.

"మనం తప్పు నేసినం బావా. గిది నిలువుగ పడ్తలేదు. జర కుడికి వంగి పడ్తాంది," అన్నాడు.

మా ఆయన పగలబడి నవ్వాడు. ఎనిమిది నెలల తర్వాత సమ్మయ్య కూడా నవ్వాడు. సుగుణ అటు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అందరం కడుపునిండా తిన్నాం. ప్లాన్ గెలిచిందనే అనుకున్నాను.

ఒంటిగంటన్నరకు లేచాం. సమ్మయ్య లేవడానికే రెండుసార్లు ప్రయత్నించాడు. సందులో రోజూ అరవై తిరుగుళ్ళయ్యాక ఆయన చేసే పని గోడకు ఆనుకుని కూర్చోవడం. ఆయన కాలు అలవాటు పడిందే అంతదాకా. నేను మా ఆయన వంక చూశాను. ఆయన కాగితం తీసి అటూ ఇటూ తిప్పుతున్నాడు. నీలం రంగు దగ్గర గీత ఆగిపోయింది. ఆ పైన ఖాళీ గళ్ళు. కూర్చునే చోట్లు, నీళ్ళు, అడుగులు, టైము, సమ్మయ్య కాలికి ఇచ్చిన తర్ఫీదు, అన్నీ పోవడానికే. రావడం అనేది ఎక్కడా లేదు. ముప్పై ఏళ్ళలో ఆయన చేతిలో ప్లాన్ లేకుండా నిలబడటం చూడ్డం అదే మొదటిసారి.

"వచ్చిన బాటే గదా, తిరిగి పోవుడే," అన్నాడు. గొంతులో ధైర్యం తగ్గలేదు గాని, కాగితాన్ని మాత్రం ఇంకా తిప్పుతూనే ఉన్నాడు.

బండ మెట్లు దిగడంలోనే తెలిసిపోయింది. ఎక్కేటప్పుడు ముందుకు వాలి ఎక్కాడు. దిగేటప్పుడు ఎడమ పాదం లేవక, వేళ్ళు రాయికి తట్టుకుంటున్నాయి. రెండో మెట్టు మీద తూలితే నేనూ సుగుణా పట్టుకున్నాం. ముగ్గురం కలిసి పడేవాళ్ళమే. మా ఆయన ఎత్తుకుంటానన్నాడు. సమ్మయ్య వద్దని చెయ్యి అడ్డం పెట్టి కాసేపు మెట్ల వంక చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, బండకు ముఖం పెట్టి, తాడు పట్టుకుని, నిచ్చెన దిగినట్టు ఒక్కో మెట్టు వెనక్కి దిగాడు. ఎక్కినదాన్నే తిరగేశాడు. నాకు అప్పుడు అందులో ఏమీ తోచలేదు, పడలేదు కదా అని మాత్రం దండం పెట్టుకున్నాను.

కూలిన మాను దగ్గర కూర్చున్నాం. వెదురు పొదలు దాటాం. అక్కడ దారి మూడు పాయలైంది. ఎక్కేటప్పుడు ఈ మూడూ లేవు, ఒక్కటే దారి. ఉన్నవే గాని, పశువుల బాటలు వెనక నుంచి వచ్చి మా దారిలో కలుస్తుంటే ముందుకు చూస్తూ నడిచే మాకు కనబడలేదు. ఇప్పుడు మూడూ ఒక్కలాగే కిందికి దిగుతున్నాయి. మా ఆయన ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా అన్నిటికంటే వెడల్పైన బాట పట్టాడు. సుగుణా నేనూ వెంట నడిచాం. ఇరవై అడుగులు పోయాక చూస్తే సమ్మయ్య అక్కడే నిలబడి ఉన్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. కాలు పూర్తిగా చచ్చుబడిందేమో, మళ్ళీ పక్షవాతం వచ్చిందేమో అని సుగుణ పరుగెత్తింది.

"ఏంగాలే," అన్నాడు ఆయన కళ్ళు తెరిచి. "బావా, అటు గాదు. వచ్చేటప్పుడు వాగు నా కుడి చెవుకు వినవడ్డది. ఇప్పుడు ఎడమ చెవుకు రావాలె. నువ్వు పోయే బాటకు అది మల్ల కుడికే వస్తాంది."

మా ఆయన కాగితం వంక చూశాడు. సమ్మయ్య వంక చూశాడు. మళ్ళీ కాగితం వంక చూశాడు.

"దాన్ని లోపట వెట్టు బావా. నీ సగం అయిపోయింది. ఉల్టా సగం నాది."

ఆ మాట అన్నాక తను ఏమన్నాడో సమ్మయ్యకు కూడా అప్పుడే తెలిసినట్టుంది. నాకు ఏడుపు ఆగలేదు. సంతోషంతోనే ఏడ్చాను, కానీ అందులో సగం సిగ్గు. ఈ మనిషి తల పనికిరాదని నమ్మినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆయన పీట మీద ఇంకొకరిని కూర్చోబెట్టడానికి మాట కూడా ఇచ్చి వచ్చాను.

అన్నిటికంటే సన్నగా ఉన్న మూడో బాట పట్టాడు సమ్మయ్య. పట్టి, మగ్గం మీద రంగులు చెప్పినట్టు ముందుగానే చెప్పడం మొదలుపెట్టాడు. వాగు దాటినాక బాట కుడికి తిరగాలె. తిరిగింది. పుట్ట వచ్చేటప్పుడు ఎడమకుండె, ఇప్పుడు కుడి పక్కన రావాలె. వచ్చింది. ఇంకో రెండు చోట్ల దారి చీలింది, రెండు చోట్లా ఆయన ఆగలేదు. మా ఆయన కాగితం జేబులో పెట్టుకుని వెనక నడుస్తున్నాడు. పుట్ట దగ్గర కూర్చున్నప్పుడు సమ్మయ్య ఆయన మోకాలి మీద కర్రతో తట్టి, "మూడు నెలలు ఒక్క నూలునే నడిపిచ్చినవ్. నాకెరుక లేదనుకున్నవా?" అన్నాడు. మా ఆయన నా వంక చూశాడు. నేను చెట్ల వంక చూశాను.

చివరి అర కిలోమీటరు కష్టంగానే గడిచింది, అబద్ధం ఎందుకు? కాలు అసలు లేవలేదు. ఒక పక్క మా ఆయన భుజం, ఒక పక్క కర్ర. జంట మద్దుల కింద పావుగంట పడుకోబెట్టాం. అయినా ఎటు పోవాలో ఆయనే చెప్పాడు. ఐదుకు పది నిమిషాలుందనగా గేటు కనబడింది. కట్టయ్య మమ్మల్ని వెతకడానికి చెప్పులు తొడుక్కుంటున్నాడు.

నర్సంపేటలో చాయ్ తాగి బస్సెక్కాం. కండక్టరు టికెట్లు కొట్టి వెళ్ళాక మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"కావాల్నే సగం గీసిన. గట్లయితేనే వాని తలకాయకు పని వడ్తదని," అన్నాడు నాతో, మెల్లగా.

ముప్పై ఏళ్ళ కాపురంలో నేను మింగిన అబద్ధాల్లో ఇది నాలుగువందలోదో ఐదువందలోదో. సంచిలో మిగిలిన సర్వపిండి ముక్క తీసి ఆయన నోటికి అందించాను. ముందు సీట్లో సమ్మయ్య సుగుణ భుజం మీద తల పెట్టి నిద్రపోతున్నాడు.

సోమవారం పొద్దున సంఘం మనిషి పుస్తకం పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మా ఆయన మగ్గం ముందు కొత్త కాగితం వేలాడదీసి, కుడి పీట మీద కూర్చున్నాడు. ఎడమ పీటను తుడిచిపెట్టాడు. ఎవరి పేరు రాయాలి అని సంఘం మనిషి రెండుసార్లు అడిగాడు. జర ఆగమన్నాడు మా ఆయన. నేను కండెలు చుడుతూ సందు వైపే చెవి పెట్టాను. సందులో గుంజలు పీకేశాం, పడుగు లేదు, చేతిలో నూలు పట్టుకుని నడిచే సాకు లేదు. కాసేపటికి కాలు ఈడ్చే చప్పుడు వినబడింది. ఇళ్ళ ముందు ఆడవాళ్ళందరూ చూస్తుండగా నడిరోడ్డు మీదుగా వచ్చి, సమ్మయ్య ఎడమ పీట మీద కూర్చున్నాడు. కాగితం వంక ఒక్కసారి చూశాడు. పంజా తీసుకున్నాడు.

ఐదు వరసలు అయ్యేదాకా నేను అక్కడే ఉన్నాను. పువ్వు రెక్క మా ఆయన వైపు కుడికి వంగింది, సమ్మయ్య వైపు ఎడమకు వంగింది. లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసి, నర్సయ్యకు ఫోన్ చేసి, ఇంకో మగ్గం చూసుకొమ్మని చెప్పాను.